చచ్చాడనుకున్న విలన్ మళ్లీ వస్తే: సైన్స్ ఫిక్షన్ సీక్వెల్ రాసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట ఓ ఆడియో కథల యాప్ కోసం సైన్స్ ఫిక్షన్ సీరియల్ రాశాను. మొదటి భాగం బాగానే ఆడింది, రెండోది రాయమన్నారు. మొదటి భాగం చివర్లో విలన్‌ని అంతరిక్ష కేంద్రంతో సహా పేల్చేశాను. అందుకని రెండో భాగంలో వాణ్ని బతికించడానికి నాలుగు ఎపిసోడ్లు ఖర్చుపెట్టాను. తప్పించుకునే నౌక, ఆక్సిజన్ లెక్కలు, సముద్రంలో పడటం, చేపల పడవ వాళ్లు పైకి లాగడం... లాజిక్ అంతా పక్కాగా ఉందని మురిసిపోయాను.

మల్కాజిగిరిలో ఉండే మా పిన్ని ఆ సీరియల్‌ని గోంగూర తుంచుకుంటూ వినేది. మూడో ఎపిసోడ్ అయ్యాక ఫోన్ చేసింది. "వాడెట్లా బతికాడో నాకెందుకురా? బతికినోడు ఎక్కడో ఓ మూల పడుండక మళ్లీ ఎందుకొచ్చాడో అది చెప్పు" అంది. "పగ తీర్చుకోడానికి పిన్నీ" అన్నాను. "పగ అందరికీ ఉంటుంది" అని పెట్టేసింది. ఆ సీరియల్ పదకొండో ఎపిసోడ్‌తో ఆగిపోయింది. ఆపింది యాప్ వాళ్లే అయినా, తప్పు నాదే.

ఆ తర్వాత ఇంకో రెండు సీక్వెల్స్ రాశాను, సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో వేరేవాళ్ల కథా చర్చలకు చాలాసార్లు కూర్చున్నాను. అక్కడ పట్టుబడ్డ పద్ధతినే ఇక్కడ అడుగు అడుగునా చెబుతున్నాను. ఉదాహరణకు హైదరాబాద్‌లోనే జరిగే ఒక ఊహా కథను తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దాని మీదే చేసి చూపిస్తాను.

ఆ కథ మొదటి భాగం ఇది. మరో పాతికేళ్ల తర్వాతి హైదరాబాద్. శేషగిరి అనే రిటైరైన నీటిపారుదల ఇంజినీర్ నగరంలోని చెరువులు, నాలాలు, గేట్లన్నింటినీ ఒకే కృత్రిమ మేధ కిందకు తెస్తాడు. దాని పేరు 'గొలుసు'. మన గొలుసుకట్టు చెరువుల నుంచి వచ్చిన పేరు: పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే దాని కిందిది. నగరం ఆ గొలుసును ఎక్కడికక్కడ తెంపి, శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, కాలనీలు కట్టింది. శేషగిరికి ఉన్న పిచ్చి ఒకటే, చెరువు జాగా చెరువుకి ఇచ్చేయాలి. ఎవరూ వినకపోయేసరికి ఓ వానరాత్రి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి నీళ్లను కాలనీల మీదికి వదులుతాడు. అతని శిష్యురాలు నీలిమ అడ్డుపడుతుంది. శేషగిరి వరదలో కొట్టుకుపోతాడు. నగరం గట్టెక్కుతుంది, నీలిమకు ప్రమోషన్ వస్తుంది. శుభం.

ఇక రెండో భాగం రాయాలి.

1. అసలు రావాలా అని ముందు అడగండి

చర్చల్లో తరచూ వినిపించే మాట, "ఆ క్యారెక్టర్‌కి మంచి పేరొచ్చింది, వాణ్నే మళ్లీ తెద్దాం". పేరు రావడం కారణం కాదు. చిన్న పరీక్ష ఒకటి పెట్టండి. మీ రెండో భాగం వన్‌లైన్, అంటే కథ సారం క్లుప్తంగా రాసి, పాత విలన్ పేరు కొట్టేసి ఆ జాగాలో ఎవరో కొత్తవాడి పేరు రాయండి. కథ ఏ కుదుపూ లేకుండా నడిచిపోతే పాతవాణ్ని ప్రశాంతంగా పడుకోనివ్వండి. కొత్తవాడు మోయగలిగిన కథకు చచ్చినవాణ్ని లేపడం దండగ.

ఇంకో సంగతి. పాత విలన్‌ని తేవాలంటే విలన్‌గానే తేవాలన్న రూలేమీ లేదు. 1984లో వచ్చిన టెర్మినేటర్‌లో చంపడానికి వచ్చిన యంత్రం, 1991 నాటి రెండో భాగంలో అదే ముఖంతో కాపాడటానికి వచ్చింది. చంపే పని కొత్త యంత్రానికి అప్పగించారు. 2010లో వచ్చిన రోబోలో చెడ్డ చిప్‌తో నగరాన్ని గడగడలాడించిన చిట్టి, 2018 నాటి 2.0లో మనవైపు నిలబడి పోరాడాడు. పాత భయం ప్రేక్షకుడి మనసులో ఎలాగూ ఉంది, దాన్ని ఎటు తిప్పాలన్నది మీ చేతిలో పని.

2. బాకీ చిట్టా రాయండి

ఈ మొత్తంలో ఎక్కువ రోజులు కూర్చోవాల్సింది ఇక్కడే. ఇది కుదిరితే మిగతావి సగం వాటంతటవే కుదురుతాయి.

మొదటి భాగాన్ని మళ్లీ చదవండి. ఈసారి విలన్ తరఫు లాయర్‌గా చదవండి. హీరో గెలవడానికి ఏమేం చేశాడో వరసగా రాయండి. ఎవర్ని మోసం చేశాడు, ఏం దాచాడు, ఏ మాట తప్పాడు, గెలిచాక ఏం మర్చిపోయాడు? ఈ చిట్టాలో విలన్‌కు న్యాయంగా రావాల్సిన బాకీ ఒక్కటైనా దొరకాలి. నా పాత సీరియల్‌లో అది లేదు. నా హీరో తప్పే చేయలేదు. అందుకే విలన్ తిరిగొచ్చినా మాట్లాడటానికి అతని దగ్గర ఏమీ లేదు, పళ్లు నూరడం తప్ప.

అంతరిక్ష నౌక కథల అమెరికన్ సిరీస్ స్టార్ ట్రెక్‌లో విలన్ ఖాన్ సంగతే చూడండి. 1967 నాటి టీవీ ఎపిసోడ్‌లో అతను ఓడిపోతాడు. హీరో కెప్టెన్ కర్క్ అతన్ని జైల్లో వేయకుండా, అనుచరులతో సహా జనం లేని ఓ గ్రహం మీద వదిలేస్తాడు. చూసినవాళ్లకు అది పెద్దమనసుగానే కనిపించింది. 1982 సినిమాలో అసలు సంగతి బయటపడుతుంది. వదిలేసిన ఆరు నెలలకే పక్క గ్రహం పేలిపోయింది, వీళ్ల గ్రహం కక్ష్య తప్పి ఎడారైంది, ఖాన్ భార్య చనిపోయింది. పదిహేనేళ్లలో ఒక్కసారైనా అటువైపు వెళ్లి వీళ్లు ఉన్నారా పోయారా అని కర్క్ చూడలేదు. గమనించండి, ఇక్కడ ఎవరూ మొదటి భాగాన్ని మార్చలేదు. దాని చివర్లో పెట్టిన చుక్క పక్కన ఇంకో వాక్యం రాశారు, అంతే.

ఇప్పుడు మన శేషగిరి దగ్గరికి వద్దాం. ఇతని పిచ్చికి నేల ఉండాలి. అందుకు నేను 1908 దాకా వెనక్కి వెళ్తాను. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ తర్వాతే ఇంజినీర్ విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. అంటే ఆ రెండు చెరువులూ తాగునీటి కంటే ముందు భయంలోంచి పుట్టాయి. శేషగిరి ఏటా సెప్టెంబరు 28న ఆ చింతచెట్టు దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వస్తాడని మొదటి భాగంలోనే ఓ చిన్న సీన్ ఉందనుకోండి. మనిషిలో నిజం ఉందని వినేవాడికి అర్థమైపోతుంది. 2020 అక్టోబరులో ఇళ్లలోకి నీళ్లొచ్చిన రాత్రి చూసినవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు.

అలాంటి మనిషికి నీలిమ పడ్డ బాకీ ఏమిటి? రెండు రాశాను.

ఒకటి, శేషగిరి గీసిన వరద మ్యాప్. ఎంత వాన పడితే ఏ కట్ట తెగుతుందో, ఏ వీధి ఎన్ని అడుగులు మునుగుతుందో అందులో ఉంది. అది సరైనదే. విచారణ రిపోర్టులో మాత్రం "మ్యాప్ తప్పు" అని నీలిమ రాసింది. నిజం రాస్తే లక్షల ఇళ్ల ధర ఒక్క రోజులో పడిపోతుందని పైవాళ్లు అన్నారు, ఆమె తలూపింది.

రెండోది ఇంకా బరువైంది. ఆ రాత్రి మూడు గంటలకు, నాలా పక్కన టార్పాలిన్ల కింద కూలీలు నిద్రపోతున్నారని శేషగిరికి తెలిసింది. అతని మ్యాప్‌లో వాళ్లు లేరు. పరుగెత్తుకెళ్లి చేతి చక్రం తిప్పి తనే గేటు మూశాడు, అక్కడే కొట్టుకుపోయాడు. నీలిమ చూసింది. రిపోర్టులో "గేటు నేను మూశాను" అని రాసుకుంది. ప్రమోషన్ దానికే వచ్చింది.

మొదటి భాగం చివర్లో గేటు మూసుకోవడం మాత్రమే చూపించి, మూసిన చెయ్యిని చూపించకపోతే రెండో భాగానికి మీకు తలుపు తెరిచి ఉన్నట్టే. ముందుచూపు లేక చూపించేశారా? అయితే వేరే బాకీ వెతుక్కోండి. "నిజానికి అప్పుడు జరిగింది అది కాదు" అని ప్రేక్షకుడు కళ్లతో చూసినదాన్ని చెరిపేయొద్దు. వాడు డబ్బులిచ్చి చూశాడు.

3. తిరిగొచ్చే దారి ఒక్కటే ఉండాలి, దానికో ధర ఉండాలి

సైన్స్ ఫిక్షన్‌లో చచ్చినవాణ్ని తేవడం చాలా తేలిక. అదే దాని జబ్బు. క్లోన్ ఉంది, బ్యాకప్ ఉంది, కాలయంత్రం ఉంది, సమాంతర లోకం ఉంది. ఏది వాడినా రెండు షరతులు. ఆ సైన్స్ మొదటి భాగంలోనే ఎక్కడో మామూలు విషయంగా కనిపించి ఉండాలి. దానివల్ల విలన్ ఏదో ఒకటి శాశ్వతంగా పోగొట్టుకోవాలి.

కాంతి వేగాన్ని తీసుకోండి. కాంతి వేగంలో 99 శాతంతో వెళ్లే నౌకలో ఒక ఏడాది గడిస్తే భూమ్మీద దాదాపు ఏడేళ్లు గడుస్తాయి. విలన్ తన లెక్కన ఐదేళ్లు తిరిగి వస్తే ఇక్కడ 35 ఏళ్లు దాటిపోయి ఉంటాయి. హీరో ముసలాడైపోయాడు, విలన్ నెత్తిన ఇంకా నల్ల జుట్టే. తాను పగబట్టిన మనిషి మోకాళ్ల నొప్పులతో లేచి నిలబడలేకపోతుంటే వాడు ఎవరితో పోరాడాలి? ఇదీ ధరంటే.

సమాంతర లోకం నుంచి తెచ్చే విలన్ మాత్రం నాకు నచ్చడు. ముఖం అదే, బాకీ లేదు. ఈ లోకంలో జరిగిన అన్యాయం వాడికి జరగలేదు కదా, మరి వాడికి మన హీరోతో ఏం పని? ఎదురింటివాడి అప్పు మనింటికొచ్చి అడిగినట్టు ఉంటుంది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైంది బ్యాకప్, అంటే మనిషి మనసుకు యంత్రంలో దాచిన నకలు. అందరూ దాన్ని అమరత్వంలా రాస్తారు, అందులో ఉన్న అసలు చిల్లును వదిలేస్తారు. ఆఖరిసారి దాచిన క్షణం నుంచి చచ్చిన క్షణం దాకా జరిగింది ఆ నకలుకు తెలియదు. కంప్యూటర్ ఆగిపోయి, పొద్దుట దాచిన ఫైల్ తెరుచుకుని మధ్యాహ్నం పనంతా పోయిందని తలపట్టుకున్న ఎవరికైనా ఇది తెలిసిన బాధే. మనిషి విషయంలో ఆ పోయిన మధ్యాహ్నంలో ఏముందన్నది మీ కథ.

శేషగిరికి మొదటి భాగంలో ఓ అలవాటు పెట్టండి. రోజూ రాత్రి 11 గంటలకు గొలుసు ముందు కూర్చుని, ఆ రోజు ఏ గేటు ఎందుకు ఎత్తాడో, ఏది ఎందుకు దించాడో దానికి చెబుతాడు. ఏళ్ల తరబడి. యంత్రం అతనిలా ఆలోచించడం అలా నేర్చుకుంటుంది. చూసేవాళ్లకు అది ఒంటరి ముసలాయన కబుర్లలా ఉంటుంది, అంతే. ఆ రాత్రి కూడా 11కి మాట్లాడాడు. పోయింది మూడు గంటలకు. మధ్యలో నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటల్లోనే అతను మారాడు. అంటే యంత్రంలో మిగిలింది మారకముందు శేషగిరి. మారిన శేషగిరిని చూసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆమే అబద్ధం రాసింది. బాకీ, తిరిగొచ్చే దారి ఈ రెండూ ఇలా ఒకే ముడిలో పడేదాకా ట్రీట్‌మెంట్ (సీన్లవారీ కథ) రాయడం మొదలుపెట్టకండి. నాకు ఈ ముడి పడటానికి మూడు వారాలు పట్టింది, నాలుగు ఇరానీ హోటళ్లు మారాల్సొచ్చింది.

ఎలా వచ్చాడన్న వివరణ ఒక పేరా దాటకూడదు. ఇంకో మాట, తలుపు తెరిచేది హీరోనే అయితే మరీ మంచిది. ఏడేళ్లుగా ఆపేసిన గొలుసును, వరదలు తట్టుకోలేక మళ్లీ నడపమని సర్కారు ఆదేశిస్తుంది. సంతకం పెట్టేది నీలిమ.

4. మధ్య ఏళ్లకు డైరీ రాయండి

విలన్ నిజంగా బతికి ఉంటే, కనిపించకుండా పోయిన కాలమంతటికీ అతని డైరీ రాయండి. కథలో ఒక్క ముక్క వాడకపోయినా సరే. ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఎవరిమీద ఆధారపడ్డాడు? ముఖ్యంగా, ఓటమి నుంచి ఏం నేర్చుకున్నాడు?

జరాసంధుణ్ని గుర్తు తెచ్చుకోండి. మథుర మీదికి పదిహేడుసార్లు దండెత్తి పదిహేడుసార్లూ ఓడిపోయాడు. బలరాముడు చంపబోతే కృష్ణుడే వదిలేయించాడు. బతికుంటే మళ్లీ మళ్లీ దుష్టసైన్యాలను పోగుచేసుకొస్తాడు, వాళ్లందర్నీ ఒకచోటే ముగించవచ్చని ఆయన లెక్క. ఆ లెక్కకు ఖరీదు పద్దెనిమిదోసారి పడింది. కాలయవనుడనే ఇంకో శత్రువు ఊరు చుట్టుముట్టిన సమయంలోనే జరాసంధుడూ రాబోతున్నాడు. కృష్ణుడు ఊరి జనాన్నంతా ద్వారకకు తరలించాల్సొచ్చింది. తిరిగొచ్చిన విలన్ చేతిలో హీరో ఓడిపోనక్కర్లేదు, ఉన్న ఊరు వదిలేలా చేస్తే చాలు.

మన శేషగిరిది నకలు కాబట్టి అతనికి మధ్య ఏళ్లే లేవు. అతనికి ఆ వరద నిన్న రాత్రి జరిగినట్టే. అందుకని డైరీకి బదులు, మేలుకున్న మొదటి గంటలో ఏం చదివాడో రాశాను. తన మరణవార్త. రిపోర్టు. "మ్యాప్ తప్పు" అన్న మాట. ఆ సంతకం ఎవరిదో చూసి కోప్పడడు. "అమ్మాయిని బెదిరించి రాయించుంటారు" అనుకుంటాడు. ఇది రాస్తున్నప్పుడు నాకే కాస్త గొంతు పట్టేసింది. పగ లేని విలన్‌తో మాట్లాడటం నీలిమకు ఎంత కష్టమో ఊహించుకోండి.

5. బలం పెంచడం కాదు, దగ్గరికి తేవడం

సీక్వెల్ అనగానే విలన్‌కు రెట్టింపు సైన్యం, పదిరెట్ల ఆయుధం ఇస్తారు. మొదటి భాగంలో నగరం, రెండోదాంట్లో గ్రహం, మూడోదాంట్లో గెలాక్సీ. గెలాక్సీ పేలిపోతుందంటే నాకు నిద్ర వస్తుంది. మా వీధి మునిగిపోతుందంటే లేచి కూర్చుంటాను.

మన దగ్గర తిరిగొచ్చే విలన్ల కథ విష్ణువు ద్వారపాలకులైన జయవిజయులది. వైకుంఠం వాకిట్లో సనకాది మునుల్ని ఆపి శాపం తిన్నారు. విష్ణువుకు ఏడు జన్మలు భక్తులుగానా, మూడు జన్మలు శత్రువులుగానా అంటే మూడే కోరుకున్నారు. త్వరగా తిరిగి రావచ్చని. మొదటి జన్మలో హిరణ్యాక్ష హిరణ్యకశిపులు. ఒక్కొక్కడికి ఒక్కో అవతారం కావాల్సొచ్చింది. రెండోదాంట్లో రావణ కుంభకర్ణులు. ఇద్దరికీ కలిపి ఒక్క రాముడు. మూడోదాంట్లో శిశుపాల దంతవక్త్రులు. కృష్ణుడు చేసిన ఎన్నో పనుల్లో వాళ్లను చంపడం కూడా ఒకటి. బలం జన్మజన్మకూ తగ్గింది. మరి పెరిగిందేమిటి? చుట్టరికం. శిశుపాలుడు కృష్ణుడికి మేనత్త కొడుకు. పాతాళంలోనో లంకలోనో లేడు, ధర్మరాజు రాజసూయ సభలో అదే వరసలో కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టాడు. అత్తకిచ్చిన మాట కోసం కృష్ణుడు నూరు తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఈ నడక కంటే మంచి సీక్వెల్ సూత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

కాబట్టి రెండో భాగంలో శేషగిరికి కొత్త ఆయుధం ఇవ్వలేదు. అతను నీలిమ ఇంట్లోకి వచ్చాడు. కుళాయి విప్పితే అతను, మోటారు వేస్తే అతను. వంటింట్లో స్మార్ట్ మీటర్ మీద, "ట్యాంకు నిండి పది నిమిషాలైంది అమ్మాయ్, నీళ్లు పోతున్నాయి" అని సందేశం. చంపుతానని ఎక్కడా అనడు.

6. ఎంట్రీ: ముఖం కంటే ముందు అలవాటు

వెనక నుంచి వెలుగు, పొగ, మెల్లగా తిరిగే కుర్చీ. ఇవి వద్దనను, థియేటర్లో ఈలలు పడతాయి. కానీ రాతలో పనిచేయవు, ఆడియోలో అసలే పనిచేయవు. విలన్‌కు మాత్రమే ఉన్న ఓ చిన్న అలవాటును ముందు పంపండి. దాన్ని హీరో ఒక్కడే గుర్తుపట్టాలి.

శేషగిరి గేటు తెరిచే ముందు దాన్ని అంగుళం లేపి దించేవాడు, మూడుసార్లు. దిగువన చేపలు పట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఆ చప్పుడు విని ఒడ్డెక్కాలని. "నీళ్లు కూడా చుట్టాల్లాంటివే అమ్మాయ్, తలుపు తట్టి రావాలి" అని మొదటి భాగంలో నీలిమకు చెబుతాడు. రెండో భాగంలో ఇలా రాశాను:

ఆగస్టు రాత్రి. కంట్రోల్ రూమ్‌లో ఇద్దరే ఉన్నారు. నీలిమ టిఫిన్ డబ్బా మూత తీసి, తినబుద్ధి కాక మళ్లీ పెట్టేసింది. ఆపరేటర్ కుర్రాడు స్క్రీన్ మీదికి వంగాడు.

"మేడమ్, నాలుగో గేటు అంగుళం లేచింది."

"ఎవరు లేపారు?"

"ఎవరూ లేపలేదు. దిగిపోయింది... మళ్లీ లేచింది మేడమ్. సెన్సర్ పోయినట్టుంది."

నీలిమ లేచి నిలబడింది. "ఎన్నిసార్లు?"

"ఇది మూడోసారి."

"కింద నాలా పక్కన ఎవరైనా ఉంటే లేపమని ఫోన్ చెయ్యి. కాసేపట్లో ఆ గేటు తెరుచుకుంటుంది."

"సెన్సర్ ప్రాబ్లం మేడమ్..."

"సెన్సర్ కాదు" అంది నీలిమ. "సార్."

దీని మొదటి ప్రతిలో స్పీకర్లోంచి నవ్వు వినిపించేది. తీసేశాను. తలుపు తట్టేంత మర్యాద ఉన్నవాడు ఊరిని ముంచబోతున్నాడంటే నవ్వు కంటే అదే ఎక్కువ భయం. ఎక్కడ పెట్టాలంటారా? నేను మొదటి పావు భాగంలోపే పెడతాను. పాత విలన్ వస్తాడని పోస్టర్ చూసినవాడికి ముందే తెలుసు. ఇంటర్వెల్ దాకా దాస్తే అది సస్పెన్స్ కాదు, లాగ్.

7. పిలుపులో జరిగే యుద్ధం

ఇది తెలుగులో రాసేవాళ్లకు దొరికిన వరం, చాలామంది వాడుకోరు. నువ్వు, మీరు, తమరు, ఏరా, ఏమండీ, అమ్మాయ్, సార్. ఇద్దరి మధ్య ఏం మారిందో ఒక్క పిలుపుతో చెప్పేయొచ్చు. స్నేహితుడు విలనైన కథలో "ఏరా" అన్నవాడు ఏళ్ల తర్వాత తిరిగొచ్చి "బాగున్నారా" అంటే చాలు, ఆ బహువచనం చెంపదెబ్బలా తగులుతుంది.

శేషగిరి మాత్రం మారడు. అతనికి గడిచింది ఒక్క రాత్రే కాబట్టి ఇంకా "అమ్మాయ్" అనే అంటాడు. నీలిమ ఇప్పుడు చీఫ్ ఇంజినీర్, ఆమెను అలా పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. మొదట్లో ఆ నకలును "అది" అంటుంది, రిపోర్టుల్లో "సిస్టమ్" అని రాస్తుంది. కథ సగం దాటాక ఓసారి నోరుజారి "సార్" అంటుంది. ఆ సీన్‌కు ఇంకే డైలాగూ అక్కర్లేదు.

పనిలో పని, ఒక మాట. విలన్ అనగానే తెలంగాణ యాస పెట్టేసే పాత అలవాటు ఇంకా పోలేదు. శేషగిరి ఈ ఊరివాడే కాబట్టి కట్ట, అలుగు, మత్తడి, తూము అనే మాటలు అతని నోట సహజంగా వస్తాయి. నీలిమ నోటా అవే రావాలి. యాస మనిషిది, విలనీది కాదు.

8. ఎదురుపడటాన్ని పొదుపుగా వాడండి

1982 నాటి ఆ స్టార్ ట్రెక్ సినిమాలో ఖాన్, కర్క్ ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడరు. అంతా తెరల మీదే. అయినా పక్కపక్కనే ఉన్నట్టుంటుంది. దూరం మీకు సాయం చేస్తుంది. విలన్ అంగారకుడి మీద ఉన్నాడనుకోండి, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి మాట చేరడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. "నీ కొడుకు ఎక్కడున్నాడో తెలుసా?" అని వచ్చింది. హీరో అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి ముప్పావు గంట. ఆ ముప్పావు గంట మీ సీన్.

9. అదే దెబ్బతో రెండోసారి పడగొట్టకండి

మొదటి భాగంలో పనిచేసిన ఉపాయం రెండోసారి పనిచేస్తే విలన్ తెలివితక్కువవాడైపోతాడు. భీముడు జరాసంధుణ్ని రెండుగా చీల్చినా ఆ ముక్కలు మళ్లీ అతుక్కున్నాయి. రెండు ముక్కలుగా పుట్టినవాణ్ని జర అనే రాక్షసి అతికించింది కదా. కృష్ణుడు గడ్డిపోచను చీల్చి చెరో పక్కకు తారుమారుగా విసిరి చూపించాకే పని అయింది. తిరిగొచ్చిన దారిలోనే ఓడించే దారి ఉండాలి. బ్యాకప్‌తో వచ్చినవాడు ఆ ఖాళీ గంటల దగ్గరే ఓడాలి.

నీలిమ చేతిలో ఉన్న ఆయుధం నిజం ఒక్కటే, "ఆ రాత్రి గేటు మూసింది మీరే సార్". కానీ ఆమె మాట ఎవరు నమ్మాలి? సంతకం పెట్టి అబద్ధం రాసిన మనిషి. చేతి చక్రంతో మూసిన గేటుకు యంత్రంలో రికార్డు ఉండదు. శేషగిరి మాటలు నమ్మే రకం కాదు, నీటి మట్టాలు నమ్మే రకం. ఏడేళ్ల కిందట ఆమే సీలు చేయించిన నాలా కొలతలు బయటపెడితేనే దారి. మూడు గంటల పది నిమిషాలకు ఏ ఆదేశమూ లేకుండా దిగువన నీరు తగ్గడం మొదలైందని అందులో ఉంటుంది. చేతి చక్రం తాళం ఎవరి దగ్గర ఉండేదో అతనికి తెలుసు. ఆ కొలతలు బయటపడితే ఆమె అబద్ధమూ బయటపడుతుంది, మ్యాప్ కూడా నిజమని తేలుతుంది, ఉద్యోగం పోతుంది. బాకీ కట్టడమే ఆయుధం.

కొలతలు చదివాక శేషగిరి ఏం చేస్తాడన్న సీన్‌ని నేను ఐదుసార్లు రాశాను. ఏడిపించాను, క్షమాపణ చెప్పించాను, తనను తాను చెరిపేసుకునేలా చేశాను. అన్నీ నాటకంలా ఉన్నాయి. చివరికి ఉంచింది చిన్నది. కాసేపు ఏ సందేశమూ రాదు. తర్వాత "ఎంతమంది ఉన్నారు అమ్మాయ్, ఆ టార్పాలిన్ల కింద?" అని అడుగుతాడు. ఆమె చెబుతుంది. గేటు దిగుతుంది.

మూడో భాగం కోసం చివర్లో వేలు కదిలించడం, తెర మీద ఎర్ర లైటు వెలిగించడం లాంటివి వద్దు. కావాలనుకుంటే ఇంకో బాకీ మిగల్చండి. కొలతలు బయటికొచ్చాయి సరే, కాలనీలు ఇంకా చెరువుల్లోనే ఉన్నాయి కదా.

10. రాసేముందు ఒకరికి చెప్పి చూడండి

స్క్రిప్ట్ అంతా అయ్యాక కాదు, వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరస) దగ్గరే. పది నిమిషాల్లో నెరేషన్ ఇవ్వండి. సైన్స్ ఫిక్షన్ ఇష్టపడేవాళ్లకు కాదు, వాళ్లు మీ ఆక్సిజన్ లెక్కల్ని మెచ్చుకుని పంపేస్తారు. చేత్తో ఏదో పని చేసుకుంటూ వినేవాళ్లను పట్టుకోండి. ఆ చేతులు ఎక్కడ ఆగాయో, ఎక్కడ మళ్లీ పనిలో పడ్డాయో గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి కాగితం మీద గీతలు పెట్టుకోండి. "విలన్ బాగున్నాడా?" అని అడగొద్దు, బాగున్నాడనే అంటారు. "ఇద్దరిలో ఎవరిది తప్పు?" అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే మీ విలన్ నిలబడ్డట్టే.

నేను శేషగిరి కథను మల్కాజిగిరి వెళ్లి మా పిన్నికి చెప్పాను. ఈసారి చిక్కుడుకాయలు. శేషగిరి పోగొట్టుకున్న ఆ నాలుగు గంటల సంగతి దగ్గర చేతులు ఆగాయి, మీటర్ మీద సందేశం దగ్గర ఓసారి వంటింటి వైపు చూసింది. చివరిదాకా విని, ఈనెలన్నీ పేపర్లో చుట్టి పక్కన పెట్టింది. ఎవరిది తప్పని అడిగాను. దానికి జవాబు చెప్పలేదు.

"అది కాదురా, మీ బాబాయి ఎప్పుడో కొన్న ప్లాటు కూడా చెరువు పక్కనే" అంది. "ఆ ముసలాయన మ్యాప్‌లో అది ఉందా, లేదా?"